అట్టతెర వెనక పద్దెనిమిది

కాటా అక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. కొత్తవాళ్ళు దాన్ని శాంతం అనుకుంటారు. తెలిసినవాళ్ళు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు.

ఆమె పని తూకం యంత్రాలు బాగుచేయడం. ఒక షట్టరు గది. ఒక బల్ల. బల్ల మీద విప్పిన కాటాలు నాలుగైదు. గోడ అరలో చెక్కపెట్టె, దానిలో మెత్తటి గుడ్డ పరిచిన గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ఇత్తడి తూకపురాయి, రెండు కిలోల నుంచి ఒక గ్రాము దాకా. వాటిని ఆమె చేత్తో ముట్టుకోదు, పట్టకారుతో తీస్తుంది. వేలి చెమట కూడా బరువే అంటుంది.

కూరగాయల కొట్టు కాటా, మందుల షాపు కాటా, పసిపిల్లలను తూచే ఆసుపత్రి కాటా, ఏది వచ్చినా ముందు ఖాళీగా ఉంచి చూస్తుంది. "ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పలేనిది, ఉన్నప్పుడు ఎంతుందో ఏం చెబుతుంది?" అంటుంది. ప్రతి కాటాకూ కొంత తేడా అనుమతి ఉంటుంది. అది ఎంతో దాని పలక మీదే చెక్కి ఉంటుంది. అందుకే తేడా ఉన్న కాటాల మీద ఆమెకు కోపం లేదు. పలక గీకేసిన కాటాల మీద ఉంది.

ఈ కోపం ఎనిమిదో తరగతిలో మొదలైంది. తండ్రి పోయిన ఏడాది. లెక్కల పరీక్షలో ఇరవై తొమ్మిది రావలసిన చోట ముప్పై అయిదు వేసి ఉంది. రెండుసార్లు కూడి చూసుకుని, కాగితం తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"తప్పు కూడారు మాస్టారూ."

"తప్పు కాదమ్మా. ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు కదా."

"ఇంట్లో పరిస్థితి లెక్కలో లేదు కదండీ."

ఆ ఏడాది లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాసింది. యాభై రెండు వచ్చింది. ఇప్పుడు ఆమె వయసు కూడా యాభై రెండే, అయినా ఆ మార్కుల సంగతి నిన్న జరిగినట్టు చెబుతుంది. "నా యాభై రెండు" అంటుంది.

భర్త తపాలా సంచులు వేరుచేసే పనిలో ఉండేవాడు. మంచి క్యారమ్స్ ఆటగాడు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఎర్రకాయ గుంట అంచున నిలబడి ఉంది, ఊదితే పడేలా. ఆయన కొట్టింది పక్కనుంచి పోయింది.

"కావాలనే వదిలావు కదూ?"

"కొత్త పెళ్ళాం. పోనీలే అనుకున్నా."

బోర్డు నెలరోజులు మంచం కిందే ఉంది. తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఆమెను ఓడిస్తూనే ఉన్నాడు. ఒక్క ఆట వదల్లేదు. ఏడాదికి పదిసార్లో పన్నెండుసార్లో ఆమె గెలిచేది. ఆ రోజు వంటింట్లోంచి కూనిరాగం వినిపించేది. ఆయన ముందుగదిలో కూర్చుని, ఓడినవాడి మొహం పెట్టుకుని, వినేవాడు. వాళ్ళ కాపురం అది.

తమ్ముడు ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక, వెనకగదిలో, అద్దాల ధూళి తుడిచిన బల్ల చుట్టూ నలుగురు కూర్చునే ఆట అతను మొదలుపెట్టాడు. ఆరేళ్ళయింది.

దానికి బోర్డు లేదు, పావులు లేవు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. ఎదురుగా కొండ ఉంది, ఏం చేస్తావు అని అతను అడుగుతాడు. ఎక్కుతాను అని నువ్వంటావు. ఎక్కగలవో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎంత పడితే ఏమవుతుందో లావుపాటి రూల్సు పుస్తకంలో ఉంటుంది. నువ్వు కోరుకోవచ్చు. పుస్తకం ఒప్పుకోవాలి, పాచిక పడాలి.

తమ్ముడి భార్య పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ఆటలో ఆమె తాళాలు తీసే దొంగపిల్ల. ఇంటిపక్క బస్సు డ్రైవరు మంత్రగాడు. మంత్రాలు సగంలో మరిచిపోతాడు, ఆటలోనూ అంతే, నిజంగానూ అంతే. కాటా అక్క పేరు ఆటలో ఇనుపకాలు. ముసలి సిపాయి. ఒక కాలు పోయి ఇనుపది పెట్టించుకుంది. పరిగెత్తలేదు. పరిగెత్తలేని మనిషిని ఎందుకు ఎంచుకున్నావక్కా అని డ్రైవరు మొదటిరోజే అడిగాడు. "పారిపోయే అవకాశం ఉంటే పారిపోవాలనిపిస్తుంది" అంది.

ఆట నడిపేవాడి ముందు ఒక తెర ఉంటుంది. కళ్ళజోళ్ళ డబ్బాల అట్టలు అతికించి తమ్ముడు చేసుకున్న మూడు మడతల తెర. దాని వెనక అతని పటాలు, రాబోయే శత్రువుల పేర్లు, అతని పాచిక. శత్రువు దెబ్బ వేసినప్పుడు అతను తెర వెనక పాచిక వేసి అంకె చెబుతాడు. వాళ్ళు నమ్ముతారు. ఆట అలాగే నడుస్తుంది.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం, ఆటలో కొండ కనుమ దగ్గర, ఇనుపకాలు నిలబడింది.

ముగ్గురినీ రాతిమనిషి తరుముతున్నాడు. ముందు తాళ్ళ వంతెన. ముగ్గురూ ఒకేసారి దాటలేరు. "మీరు పొండి" అంది కాటా అక్క. దొంగపిల్ల, మంత్రగాడు వంతెనెక్కారు. ఇనుపకాలు వెనక్కి తిరిగి దారికి అడ్డంగా నిలబడింది. పదిహేను గానీ, అంతకు మించి గానీ పడితే రాతిమనిషి దెబ్బ తగులుతుంది. ఆమెకు మిగిలిన ప్రాణం ఒక్క దెబ్బతో పోతుంది.

మొదటి దెబ్బ, పదకొండు. రెండోది, మూడు. మూడోదానికి తమ్ముడు తెర వెనక కొంచెంసేపు ఆగి, "ఆరు" అన్నాడు. రాతిమనిషి తూలి లోయలో పడ్డాడు. డ్రైవరు కుర్చీ ఎక్కి అరిచాడు. మరదలు వదిన మెడను వాటేసుకుంది. కాటా అక్క ఇంటికి వెళ్ళి కూనిరాగం తీసింది. భర్త పోయి అప్పటికి నెల కూడా కాలేదు. వినడానికి ముందుగదిలో ఎవరూ లేరు.

ఆమె అప్పుడు ఇరవై రెండేళ్ళుగా ఒకే కాటాల కంపెనీలో పనిచేస్తోంది. హోల్‌సేల్ మార్కెట్టు వర్తకులు వచ్చి యజమానితో లోపల మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత కొన్ని కాటాలు ఆమె బల్ల మీదికి వచ్చేవి, రైతు తెచ్చిన ఎనభై కిలోల బస్తాను డెబ్బై ఎనిమిది చూపించేలా సరిచేసి ఇవ్వమని. ఆమె చేసేది కాదు. పక్కబల్లవాడు చేసేవాడు. ఆమె చూసీ చూడనట్టు తల దించుకునేది. అన్నేళ్ళూ తల దించుకునే ఉంది.

ఆ సోమవారం దించుకోలేదు. పక్కబల్ల మీదున్న కాటా తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టింది. మూడు మాటల్లో పని మానేసింది. తూనికల ఆఫీసుకు వెళ్ళి, తను చూసినదంతా రాసి, సంతకం పెట్టింది. సాయంత్రం తమ్ముడి దుకాణానికి వచ్చి కూర్చుంది.

"నిన్న అది నిలబడిందిరా. ఒంటికాలి మీద. ఇవాళ పొద్దున నాకు సిగ్గేసింది" అంది.

తమ్ముడు అద్దం అరగదీస్తున్నాడు. తలెత్తలేదు. అవునక్కా అన్నాడు.

చెప్పవలసిన మాట అతని గొంతులోనే మూడేళ్ళు ఉండిపోయింది.

తెర పడిపోయిన రోజు పెద్ద విశేషమేమీ లేదు. గదిలో ఉక్కగా ఉంది. డ్రైవరు కిటికీ తీద్దామని లేచాడు. లావు మనిషి. మోచెయ్యి తగిలి అట్టతెర బల్ల మీద వెల్లకిలా పడింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు ఒక దెబ్బ చెబుతున్నాడు. సొరంగంలో తేలు, ఇనుపకాలు మీదికి. "ఏడు. తగల్లేదు" అన్నాడు. అతని చేతి పక్కన పాచిక ఉంది. దాని మీద ఇరవై ఉంది.

నలుగురూ చూశారు. డ్రైవరు కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇరవై కదా అది" అంది కాటా అక్క. గొంతు తగ్గింది.

"అక్కా, అది..."

"ఇదే మొదటిసారా?"

తమ్ముడు రూల్సు పుస్తకం అట్ట మీది మరక గీకసాగాడు.

"నిన్నే. మొదటిసారా?"

"కాదు."

"ఎన్నిసార్లు?"

"ఎప్పుడైనా. అవసరమైనప్పుడు. అందరికీ చేశానక్కా, నీ ఒక్కదానికే కాదు. తనకీ చేశాను, వాడికీ చేశాను. ఎవరైనా ఊరికే చచ్చిపోతే ఏం బాగుంటుంది?"

"కనుమ దగ్గర?"

మరదలు "వదినా, ఇప్పుడదెందుకు" అంది. కాటా అక్క అటు చూడలేదు.

"కనుమ దగ్గర మూడో దెబ్బ. ఆరన్నావు. ఎంత పడింది?"

అబద్ధమాడటానికి అతనికి తెర లేదు.

"పద్దెనిమిది."

ఆమె ఇనుపకాలు బలం, ప్రాణం లెక్కలు రాసుకున్న కాగితం తీసుకుంది. ఆరేళ్ళ కాగితం. చెరిపి చెరిపి మధ్యలో పలచబడింది. నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పెన్సిలు బల్ల మీద వదిలేసింది. అది తమ్ముడిది.

"బావ పోయి నెల కాలేదక్కా" అన్నాడు తమ్ముడు. "నువ్వు నవ్వడం మానేశావు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఆ పూట నీ మనిషిని కూడా చంపి పంపమంటావా ఇంటికి?"

"మాస్టారు కూడా ఇలాగే అన్నాడు" అంది. వెళ్ళిపోయింది.

నాలుగు ఆదివారాలు రాలేదు. ఆమె లేకుండా ఆట జరగలేదు. మిగతావాళ్ళు సొరంగంలోనే ఉండిపోయారు, తేలు ముందు.

ఆ నాలుగు వారాలూ ఆమె షట్టరు గదికి వచ్చినవాళ్ళకు బాగా తిట్లు పడ్డాయి. పచారీ కొట్టతను కాటా పలక మీద బూజు ఉందని తిట్లు తిన్నాడు. తిట్టించుకుని, కాటా తీసుకుని, పక్క కొట్టతనితో "ఆవిడకి ఏదో జరిగింది" అన్నాడు. "ఆవిడ ఎప్పుడూ అంతే కదా" అన్నాడతను. "కాదు, ఇవాళ రెండుసార్లు సున్నా చూసింది" అన్నాడు పచారీ కొట్టతను.

ఆమె నిజంగానే అన్నీ రెండుసార్లు చూస్తోంది. పూర్తయిన పని మళ్ళీ విప్పుతోంది. ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, తన గదిని చూసుకుంది. ఈ గది, ఈ బల్ల, బయట తన చేత్తో రాసుకున్న బోర్డు. ఇదంతా ఆ సోమవారం వల్ల వచ్చింది. ఆ సోమవారం ఆ ఆదివారం వల్ల వచ్చింది. ఆ ఆదివారం కింద ఉన్నది ఒక దొంగ అంకె. తను రోజూ ఎలాంటి కాటాలకైతే ముద్ర వేయనంటుందో, అలాంటి కాటా మీద తూచుకుని తను బతుకు మార్చుకుంది. తూచినవాడు తన తోడబుట్టినవాడు.

డ్రైవరు వచ్చాడు. మనిషి బరువు చూసుకునే యంత్రం చంకలో పెట్టుకొచ్చాడు.

"అక్కా, ఇది నా బరువు ఎక్కువ చూపిస్తోంది."

ఆమె ఇరవై కిలోల ఇనుపరాళ్ళు నాలుగు పెట్టి చూసింది. ఎనభై చూపించింది. తీసింది. సున్నా చూపించింది.

"యంత్రం సరిగానే ఉంది. నువ్వే ఎక్కువ."

"పోనీలే, ఎవరో ఒకరు నిజం చెప్పారు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, ఒక మాట. కొట్టొద్దు."

"చెప్పు."

"స్టాపు దాటాక బస్సు ఆపకూడదు. రూలు. కానీ ఒక ముసలావిడ సంచీతో పరిగెత్తుకొస్తుంది. అద్దంలో కనిపిస్తుంది. నేను ఆపుతా. నువ్వయినా ఆపుతావు. మీ తమ్ముడు చేసింది కూడా అదేగా? వాడు మన కోసం బస్సాపాడు."

"ముసలావిడ బస్సెక్కి నీకేం చెబుతుంది?"

"చల్లగా ఉండు నాయనా అంటుంది."

"ఎందుకంటుంది? నువ్వు ఆపావని ఆవిడకి తెలుసు కాబట్టి. వాడు ఆపలేదురా. నేను పరిగెత్తి అందుకున్నానని చెప్పాడు. మూడేళ్ళు నేను ఊరంతా చెప్పుకు తిరిగాను, ఈ కాళ్ళతో పరిగెత్తి బస్సందుకున్నానని."

డ్రైవరు, "మరి నాక్కూడా ఆపాడుగా. నాకు కోపం రాలేదేంటి?" అన్నాడు.

"నీకు మంత్రం గుర్తుంటేగా, కోపం గుర్తుండటానికి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. యంత్రానికి కూలి తీసుకోలేదు. బాగుచేసిందేమీ లేదు కాబట్టి.

రెండు రోజుల తర్వాత మరదలు వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. కూర్చోలేదు. ఆమెకు కోపం వస్తే గొంతు మామూలుగానే పెరుగుతుంది.

"మీ కోపం మీ దగ్గర పెట్టుకోండి వదినా, నా మాట వినండి. ఆయన నాలుగు వారాలుగా రాత్రీ పగలూ ఒకటే మొహం. నేను పళ్ళు పీకించుకునేవాళ్ళ మొహాలు రోజంతా చూసి ఇంటికొస్తే, అక్కడ ఇంకోటి."

"వాడు చేసిందానికి..."

"చేశాడు. తప్పే. నాకు తెలియకుండా నాకూ చేశాడు, అడిగి కడిగేశాను. కానీ మీరేమో పాచిక పాచిక అంటున్నారు. ఆట పాచికొక్కటేనా? మేమక్కడ కూర్చునేది రూల్సు పుస్తకం చదువుకోవడానికా? ఆరేళ్ళుగా ఆదివారం కోసం చూస్తా నేను. ఆ దొంగపిల్ల నాకు కావాలి. అది బతకాలని నాకుంటుంది. ఉండకూడదా?"

"ఉండాలి. ఉంటేనే ఆట. బతకాలని ఉన్న దాన్ని చావచ్చు అన్న చోట నిలబెడితేనే ఆట. చావదని వాడు ముందే రాసేసుకుంటే, నువ్వక్కడ చెమటలు కక్కింది దేనికే?"

మరదలు ఇంకో వైపు నుంచి వచ్చింది.

"సరే. ఇనుపకాలు చచ్చిపోయిందంటారు. మొన్న ఆటలో, ఏట్లో కొట్టుకుపోతుంటే నన్ను లాగిందెవరు? శవమా? ఆ మూడేళ్ళూ మేం ఎవరితో నడిచాం వదినా?"

కాటా అక్క చేతిలో పట్టకారు ఉంది. దాని మొనలో ఒక గ్రాము రాయి. ఆమె దాన్ని దాని గుంటలో పెట్టింది. పెట్టె మూసింది.

"ఆదివారం వస్తాను" అంది. "వాడికి చెప్పు. పుస్తకం తెచ్చుకోమను."

అయిదో ఆదివారం ఆమె వచ్చింది. సంచిలోంచి ఒక ఇత్తడి పళ్ళెం తీసింది. పాత త్రాసుది, జానెడు వెడల్పు, గొలుసులు ఊడదీసి ఉంది. బల్ల నడుమ పెట్టింది. మరదలు తాగిన గ్లాసు జరిపి చోటిచ్చింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. వారాలుగా తయారుచేసుకున్నట్టుంది, గబగబా చెప్పాడు.

"అక్కా, నేను ఆలోచించాను. కనుమ దగ్గరికి వెనక్కి వెళ్దాం. మూడో దెబ్బ మళ్ళీ వేస్తాను. బయట, అందరి ముందూ. తగలకపోతే ఇక గొడవే లేదు."

"తగిలితే?"

"తగిలితే తగిలింది."

"కూర్చో" అంది. గొంతు ఇంకా తగ్గింది. "పడ్డది పడ్డాక మళ్ళీ వెయ్యడమేంట్రా? నచ్చిన అంకె వచ్చేదాకా వేస్తావా? నేను తూకం నచ్చలేదని మళ్ళీ మళ్ళీ తూస్తానా? పద్దెనిమిది పడింది. అది తగిలింది. నువ్వు నాకు దెబ్బ బాకీ ఉన్నావు. చెప్పు."

"ఏం చెప్పను?"

"ఆ దెబ్బ. నువ్వు మింగేసిన దెబ్బ. ఎలా తగిలిందో చెప్పు. ఆట నడిపేవాడివి కదా."

తమ్ముడు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు బల్ల వైపు చూశాడు. మరదలు మాత్రం భర్తనే చూస్తోంది.

అతను మొదలుపెట్టాడు. మొదట సరిగ్గా రాలేదు. రాతిమనిషి చెయ్యెత్తాడు అని, ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"గాలి వీస్తోంది. నీ వెనక వంతెన ఊగుతోంది. రాతిమనిషి రెండుసార్లు తప్పాడు, వాడికి కోపమొచ్చింది. రెండు చేతులూ కలిపి ఎత్తాడు. నువ్వు డాలు పైకి పట్టావు. డాలు పగిలింది. దెబ్బ భుజం మీద దిగింది. ఇనుపకాలు నేలలోకి దిగబడింది. అందుకని నువ్వు పడలేదు. నిలబడే పోయావు."

గదిలో గోడగడియారం ఉంది. కళ్ళజోడు ఆకారంలో, దుకాణానికి ఎవరో ఇచ్చింది. అది కొట్టుకుంటోంది.

"వాళ్ళిద్దరూ దాటారా?" అంది కాటా అక్క.

"దాటారు."

"నిజం చెప్పు."

తమ్ముడు అరలోంచి పాత పటాలు తీశాడు. మూడేళ్ళ క్రితం కాగితం వెతికాడు. వంతెన గీత, దాని మీద చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో అడుగు. వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"దాటారక్కా. రెండో దెబ్బకే దాటేశారు. మూడో దెబ్బకి వంతెన ఖాళీ."

"అయితే మూడో దెబ్బకి నేనక్కడ ఎందుకున్నాను?"

"నేనడిగాను. వంతెన ఎక్కుతావా, కుంటుకుంటూ అయినా వెళ్ళొచ్చు అన్నాను. నువ్వు వెన్ను చూపించను అన్నావు. రాసుకున్నాను, ఇదిగో." కాగితం ఆమె వైపు తిప్పాడు. మూలన, అతని పొట్టి అక్షరాలతో ఉంది. *వెన్ను చూపదట.*

ఆ పక్కనే ఒక అంకె రాసి కొట్టేసి ఉంది. కొట్టివేత కింద పద్దెనిమిది ఇంకా కనబడుతోంది.

ఆమె ఆ కాగితం చాలాసేపు చూసింది. కొట్టేసిన అంకెను కాదు, దాని పక్కన ఉన్నదాన్ని.

డ్రైవరు ఉండబట్టలేకపోయాడు. "అంటే అక్కా, ఆదివారమే ఇనుపకాలు పోతే, మరి సోమవారం పొద్దున ఆ యజమాని ముందుకెళ్ళి నిలబడిందెవరు?"

"నువ్వు నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటా."

ఆమె సంచిలోంచి ఇనుపకాలు కాగితం తీసింది. మడతలు విప్పి, అరచేత్తో సాపుచేసి, పెన్సిలందుకుని ప్రాణం అని రాసున్న గడిలో ఉన్నది చెరిపింది. సున్నా వేసింది. మరదలు వైపు తోసింది.

"నిన్ను ఏట్లోంచి లాగింది కదా. నీ దగ్గరుంచుకో. నాకు తెలీదు అదెవరో. రూల్సు పుస్తకంలో అలాంటి దానికి లెక్క లేదు."

మరదలు కాగితం తీసుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే కాటా అక్క విసుక్కుంది. "ఏడవకే. ఇంకా నా కోపం పోలేదు."

నిజంగానే పోలేదు. తమ్ముడు తప్పయింది అక్కా అన్నప్పుడు ఆమె సరే అనలేదు. అతను అట్టతెర తీసుకుని, మధ్యకు విరిచేయబోయాడు. అప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుంది.

"అది ఉండాలి. తలుపు వెనక ఏముందో నాకు ముందే తెలిస్తే తలుపు తియ్యడమెందుకు? రాబోయేది దాచుకో. పడినది దాచకు. పాచిక ఇక ఇందులో పడాలి. నీదీ, మాదీ."

వేలితో పళ్ళెం అంచు కొట్టింది. మోగింది. ఆ గదిలో ఆ తర్వాత ఏ పాచికా చప్పుడు లేకుండా పడలేదు.

"మరి ఎవరైనా ఊరికే చచ్చిపోయేలా ఉంటే?" అన్నాడు తమ్ముడు. "నాకు అందరూ కావాలక్కా. నేనేం చెయ్యను?"

"అడుగు. నోరుందిగా. ఇదిగో ఇలా పడింది, ఈవిడ పోతోంది, రూలు మారుద్దామా అని అందరినీ అడుగు. మారుద్దామంటే మార్చు. పుస్తకంలో రాయి. ఆ రోజు నుంచి శత్రువుకీ అదే రూలు."

తమ్ముడు కొత్త కాగితం ఒకటి ఆమె ముందు పెట్టాడు. కొత్త మనిషికి బలం ఎంతో, తెలివి ఎంతో ముందు పాచికలే చెప్పాలి. ఆరు ముఖాలవి మూడు. పద్దెనిమిది వస్తే ఏనుగంత బలం.

ఆమె వేసింది. పళ్ళెం మోగింది. రెండు, ఒకటి, ఒకటి.

నాలుగు.

డ్రైవరు పెదవి కొరుక్కున్నాడు. నాలుగు బలంతో మనిషి తన కత్తి తను ఎత్తలేదు. తమ్ముడి చెయ్యి తనకు తెలియకుండానే పళ్ళెం వైపు కదిలింది.

"చెయ్యి తీయ్."

తీశాడు. తర్వాత గొంతు సవరించుకుని, సభలో మాట్లాడేవాడిలా అన్నాడు. "నాదొక మాట. మొదటిసారి వేసింది నచ్చకపోతే ఎవరైనా ఒక్కసారి మళ్ళీ వేసుకోవచ్చు. రెండోసారి ఏది పడితే అదే. అందరికీ. ఏమంటారు?"

"నాకిష్టమే" అంది మరదలు.

"నాకూ" అన్నాడు డ్రైవరు. "గుర్తుంటే."

"రాశావా?" అంది కాటా అక్క.

తమ్ముడు రూల్సు పుస్తకం చివరి తెల్లకాగితం మీద రాశాడు. తేదీ వేశాడు. ఆమె పుస్తకం తిప్పి చదువుకుంది. అప్పుడు పాచికలు తీసుకుని, గుప్పిట్లో గలగలలాడించి, వేసింది.

ఒకటి. ఒకటి. మూడోది పళ్ళెం అంచు వెంట తిరిగి తిరిగి నిలిచింది. ఒకటి.

మూడు. అంతకంటే తక్కువ పడటం కుదరదు.

మొదట డ్రైవరుకు నవ్వొచ్చింది. బల్ల మీద తల పెట్టేశాడు. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నవ్వలేదు. అక్క మొహం చూస్తున్నాడు.

కాటా అక్క మూడు ఒకట్లనూ చూసింది. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తిప్పి, బరువు చూసింది. పాచికల్లో దోషం లేదు.

"దిక్కుమాలిన పాచికలు" అంది. గొంతు పెరిగింది.

పెన్సిలు తీసుకుని రాసుకుంది. బలం, మూడు.